అద్దమున్న కెమెరా, అద్దము లేని కెమెరా

ఛాయాపటము తీయించుకొనుట యొకప్పుడు పండుగవంటి పని. ఇంటిల్లిపాదియు పట్టుబట్టలు కట్టుకొని, పట్టణమునకు పోయి, స్టూడియోలో గుడ్డతెర ముందు ఊపిరి బిగబట్టి నిలుచుండెడివారు. నేడు చేతిలోని ఫోనుతో చంటిబిడ్డ నవ్వును, వంటింటి గారెలను కూడ పటము పట్టుచున్నాము. ఇట్టి కాలమున వేరుగా కెమెరా యేల యని సోదరీమణులు కొందఱడుగవచ్చును. ఇంటి ముచ్చటలకు ఫోను చాలును. కాని యొక ఆడుపిల్ల దీనినే జీవనోపాధిగా చేసికొనదలచినప్పుడు, ఏ యంత్రముపై ధనము వెచ్చింపవలెనను ప్రశ్న చిన్నది కాదు.

మా చెల్లెలి కుమార్తె డిగ్రీ పరీక్ష ముగించి, భీమవరములో పెండ్లిండ్లకు ఫోటోలు తీయుటను వృత్తిగా అవలంబింప నిశ్చయించుకొన్నది. ఆమెకు రెండు కెమెరాలు సమకూడినవి. ఒకటి, స్టూడియో మూసివేసిన బంధువొకరు దీవించి యిచ్చిన నికాన్ డి-700. ఇది వృత్తినిపుణుల కొఱకు 2008లో వెలువడినది. రెండవది, పిల్లలకు ట్యూషను చెప్పిన సొమ్ముతో ఆమె స్వయముగా కొనుక్కొన్న సోనీ ఏ-6000. ఇది 2014లో వచ్చిన చిన్న కెమెరా. ఇదియు ఒకరు వాడి అమ్మినదే. ఒక దుకాణదారు, "ఆ పాతది ఇచ్చేయండమ్మా, అద్దం కెమెరాలకు కాలం చెల్లింది. పైన ఇంకొంత వేసుకుని కొత్తది తీసుకోండి" అని సలహా చెప్పెను. ఆ "ఇంకొంత" యనునది మా చెల్లెలి చేతి గాజుల వెల. కావున తొందరపడక, కార్తికము మొదలు మాఘము వరకు నాలుగు మాసములు రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి పరీక్షించితిమి. మేము చూచినదానిని ఇట వ్రాయుచున్నాము.

స్త్రీలకిది క్రొత్త వృత్తి కాదు. హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లోనే ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్ల వనిత యాజమాన్యమున ఉంచెను. నేటికిని పెండ్లికూతురికి చీరకట్టి, పూలజడ వేయు గదిలోనికి పరాయి పురుషుడు కెమెరాతో వచ్చినచో, అందఱును మాట మానుకొని కొంగులు సవరించుకొందురు. ఆ గదిలో ఆడుపిల్ల ఉన్నచో నవ్వులు నవ్వులుగానే పటములోనికి వచ్చును. ఇక బరువు సంగతి. హోమాయ్ వ్యారావాలా (1913-2012) మన దేశమున మొట్టమొదటి పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేర్గాంచినది. 2011లో పద్మవిభూషణ బిరుదమందినది. ఆమె చీరకట్టుతోనే స్పీడ్ గ్రాఫిక్ వంటి పెద్ద కెమెరాను మోసి పనిచేసెను. అందుచేత "ఆడపిల్లకు చిన్నది చాలులే" అను మాటను మేము మొదటనే త్రోసిపుచ్చితిమి. పనికి ఏది తగునో చూడవలెను గాని, ఆడుమగ భేదమును కాదు.

మొదట ఈ రెండింటికిగల భేదమును తెలిసికొందము. పెద్ద కెమెరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దముండును. లెన్సునుండి వచ్చు వెలుతురును అది పైకి మరల్చగా, పైనున్న గాజుపట్టకము దానిని మన కంటికి చేర్చును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. తెర తెఱచుకొని, వెలుతురు వెనుకనున్న సెన్సరుపై పడును. తరువాత అద్దము మరల క్రిందికి దిగును. ఈ పని అంతయు రెప్పపాటులో జరుగును. అప్పుడు వచ్చునదే ఆ "టప్" మను చప్పుడు. చిన్న కెమెరాలో అద్దమే లేదు. సెన్సరు ఎల్లప్పుడును మేలుకొనియుండి, తాను చూచుదానిని చిన్న తెరపై మనకు చూపుచుండును. మొదటిదానిలో మనము చూచునది లోకము; రెండవదానిలో చూచునది రాబోవు పటము. వెలుతురు తక్కువైనచో పటము నల్లబడునని చిన్నది ముందే చూపును. పెద్దదానిలో దానిని అనుభవముచే ఊహింపవలసినదే. నేర్చుకొను పిల్లకు మొదటి రోజులలో చిన్నదే మంచి గురువని మాకు తోచినది.

తూకము చూడగా, డి-700 బ్యాటరీ లేకయే 995 గ్రాములు. దానికి వృత్తిపనివారు వాడు 24-70 లెన్సు తగిలించినచో రెండు కిలోలకు సమీపించును. ఏ-6000 బ్యాటరీతో కూడ 344 గ్రాములే. దానితో వచ్చు చిన్న లెన్సు 116 గ్రాములు. పెద్దదాని పటములో 1 కోటి 21 లక్షల బిందువులు, చిన్నదానిలో 2 కోట్ల 43 లక్షలు. ఈ లెక్క చూపియే దుకాణములలో పాతదానిని తీసివేయుదురు. కాని 18 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గల ఆల్బము పుటకు డి-700 పటము అంగుళమునకు ఇంచుమించు 236 బిందువులనిచ్చును. చేతిలో పట్టుకొని చూచువారికి అది చక్కగా చాలును. మఱియొక సంగతి: పెద్దదాని సెన్సరు 36 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్నదానిది 23.5. వైశాల్యమున పెద్దది రెండున్నర రెట్లకు కొంచెము తక్కువ. ఎక్కువ చోటును తక్కువ బిందువులు పంచుకొనుటచే, ఒక్కొక్కదానికి దక్కు వెలుతురు హెచ్చు.

ఈ వెలుతురు పరీక్షకు కార్తిక పౌర్ణమికంటె తగిన దినమేది? పంచారామములలో నొకటియగు గునుపూడి సోమారామమునకు ఆనాటి సాయంకాలము పోయితిమి. కోనేటి మెట్లపై స్త్రీలు దీపములు వెలిగించుచుండగా, వారి యనుమతితో అమ్మాయి రెండు కెమెరాలతోను పటములు తీసెను. ఇంటికి వచ్చి చూడగా పెద్దదాని పటములలో దీపకాంతి చెక్కిళ్లపై మెత్తగా పరచుకొని యున్నది. చిన్నదానిలో ముఖములు ఇసుక చల్లినట్లు గరుకుగా నుండెను. చేతులు కదలి చెదరినవి. మావారు "తేలిపోయింది కదా" అనిరి. అమ్మాయి కొంచెము సేపు ఊరకుండి, "దొడ్డమ్మా, ఆ పెద్దదాని లెన్సు తీసి దీనికి పెట్టి చూద్దామా?" అని అడిగెను.

ఆ ప్రశ్నలోనే అసలు కీలకమున్నది. పెద్దదానికి తగిలించినది ఎఫ్ 1.8 వరకు తెఱచుకొను 50 మిల్లీమీటర్ల లెన్సు. చిన్నదానితో వచ్చిన లెన్సు ఆ దూరమున ఎఫ్ 5.6 కంటె తెఱచుకొనదు. ఈ సంఖ్య తగ్గినకొలది ద్వారము పెద్దది. లెక్క కట్టగా మొదటిది రెండవదానికంటె ఇంచుమించు పది రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. ఇక లెన్సు మార్చుట యెట్లందురా? నికాన్ కెమెరాలో లెన్సు కూర్చుండు చోటినుండి సెన్సరుకు 46.5 మిల్లీమీటర్ల దూరము. అద్దమాడుటకు అంత చోటు కావలెను. సోనీలో అది 18 మిల్లీమీటర్లే. నడుమ మిగిలిన ఎడమును ఒక లోహపు కడియముతో నింపినచో పాత లెన్సు క్రొత్త కెమెరాకు అమరును. క్రొత్తదాని లెన్సు మాత్రము పాతదానికి అమరదు.

స్వల్పమైన వెలకు కడియము తెప్పించి, కార్తికము ముగియకముందే పెరటి తులసికోటయొద్ద దీపములు పెట్టి మరల తీసితిమి. ఈసారి భేదము చాలవఱకు అణగిపోయెను. నీడలలో చిన్నదాని గరుకు ఇంకను కొంచెము హెచ్చే. కాని అచ్చువేయించి చూడగా దానిని వెదకి పట్టవలసి వచ్చినది. తానే దృష్టిని నిలుపుకొను శక్తి ఆ కడియముతో పోవును గనుక, వ్రేళ్లతో లెన్సు త్రిప్పవలెను. స్పష్టమైన అంచులకు రంగు పూసి చూపు ఏర్పాటు చిన్న కెమెరాలో నుండుటచే అదియు సాధ్యమే. ఆ లెన్సు చిన్నదానిపై 75 మిల్లీమీటర్లదివలె దగ్గఱగా చూచును; ముఖములకు అది మంచిదే. విలువ అద్దములో లేదనియు, గాజులో నున్నదనియు ఆ రాత్రి మాకు తేటపడినది.

పుష్యమాసమున కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షికేంద్రమునకు పోయితిమి. పడవలో కూర్చుండి గూడబాతులను చూచితిమి. పెద్దదానికి 70-300 లెన్సు, చిన్నదానికి 55-210 లెన్సు తగిలించితిమి. సెన్సరు చిన్నదగుటచే 210 అనునది 315 వలె పనిచేయును గనుక చూపులో రెండును సమానమే. బరువులో మాత్రము ఒకటి 1740 గ్రాములు, ఒకటి 689. ఎండ వచ్చిన పిదప చిన్నదే మెఱుగు: సెకనుకు 11 పటములు తీయగలదు, పెద్దది 5 మాత్రమే. తెల్లవాఱు మసకలో ఎగురుచున్న పక్షిని పట్టుటలో పెద్దది తడబడలేదు. చిన్నదాని తెరపై బొమ్మ పక్షికి వెనుకబడుచుండెను. ఊగుచున్న పడవలో పెద్దదాని బరువే చేతిని నిలిపినదని అమ్మాయి చెప్పెను.

ఇంటిలోపల తీర్పు మాఱినది. మా అత్తగారు పెద్ద కెమెరాను చూడగానే నిటారుగా కూర్చుండి, పెదవులు బిగింతురు. చిన్నదానికి వెనుకనున్న తెర వంగును. దానిని ఒడిలో నుంచుకొని, క్రిందికి చూచుచు పటము తీయవచ్చును. తీయువారి ముఖమునకు యంత్రమడ్డముండదు. మాట సాగుచునే యుండును. అట్లు అప్పడాలు ఒత్తుచు, ఎవరినో తలంచుకొని నవ్వుచున్న అత్తగారి పటము వచ్చినది. ఎనుబది యేండ్లలో ఆమె నవ్వుచున్న పటము ఇదొక్కటియే మా యింట గలదు. చప్పుడు కూడ చిన్నదానిది తక్కువ, బొత్తిగా లేకపోలేదు. నిద్రించు పసిబిడ్డ పెద్దదాని చప్పుడుకు ఉలికిపడినది, చిన్నదానికి కదలలేదు.

మాఘములో అమ్మాయికి మొదటి పెండ్లి కుదిరెను. పెండ్లిలో జీలకఱ్ఱబెల్లము, మాంగల్యధారణము మరల జరుగునవి కావు. తయారుచేసినవారి లెక్క ప్రకారము డి-700 ఒక బ్యాటరీతో వేయి పటములు తీయును. ఏ-6000 మున్నూఱు పైచిలుకు. సెన్సరును, తెరను ఎల్లప్పుడు వెలిగించి యుంచవలెను గదా! ఆ రాత్రి తలంబ్రాల వేళకు చిన్నదాని రెండవ బ్యాటరీయు కడముట్టెను. మెడలోని పెద్దది ఆ ఘడియను కాపాడినది. ఇంకొక ముఖ్య విషయము: రెండింటిలోను మెమరీ కార్డునకు చోటొక్కటియే. ఆ కార్డు చెడినచో పెండ్లి యంతయు పోయినట్లే. కావున ముఖ్యమైన ఘట్టములను రెండు కెమెరాలతోను తీయవలెనని అమ్మాయి నియమము పెట్టుకొన్నది. కదలుబొమ్మలు తీయు శక్తి పెద్దదానికి లేనేలేదు, చిన్నదానికి గలదు. పెండ్లికూతురి గదిలో చిన్నది, మండపములో పెద్దది అని పని పంచుకొనగా రెండును తమ తమ చోట్ల రాణించినవి.

మన ప్రాంతపు తేమనుగూర్చి యొక మాట. చుట్టును కాలువలు, వరిచేలు, చేపలచెరువులు. పెట్టెలో మూసియుంచిన లెన్సుకు సాలెగూడువలె బూజు పట్టును. ముదిరినచో గాజుపై పూతను తినివేయును. గాలి చొరని డబ్బాలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో నుంచి, వారమునకొకసారియైన తీసి వాడవలెను. చలువ చేసిన కల్యాణమండపమునుండి బయటికి వచ్చినప్పుడు గాజుపై ఆవిరి క్రమ్మును. సంచిలోనే కొంతసేపు ఉంచి పిదప తీయవలెను. అద్దము లేని కెమెరాకు లెన్సు మార్చునప్పుడు సెన్సరు బయటపడి యుండును గనుక, దుమ్ములో మార్చరాదు.

దుకాణదారు చెప్పినది పూర్తిగా అసత్యము కాదు. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు కూడ పెద్ద సెన్సరుతో అద్దము లేని కెమెరాలను వెలువరించినవి. 2020లో జపాను తయారీదారులు పంపిన కెమెరాలలో అద్దము లేనివి అద్దమున్నవాటిని మించినవి. రాబోవు కాలము వానిదే. అయినను తయారగుట మానిన యంత్రము పని మానినట్లు కాదు. డి-700 తెర లక్షా ఏబదివేల పటములవఱకు పరీక్షింపబడినది. మాదానిలో ఇంకను సగమునకు పైగా మిగిలియున్నది. దాని నమ్మిన వచ్చు సొమ్ము స్వల్పము. దానితో పోవు లెన్సులు మాత్రము స్వల్పము కావు. అందుచే దేనిని అమ్మలేదు. ఒక కడియము, రెండు బ్యాటరీలు, గాలి చొరని డబ్బా మాత్రమే కొంటిమి. గాజులు మా చెల్లెలి చేతులకే యున్నవి.

ఇట్టి వస్తువు కొనదలచు సోదరీమణులకు మా మనవి యిది. వాడిన కెమెరా యైనచో అది యెన్ని పటములు తీసినదో ముందడుగుడు. లెన్సులో టార్చి వేసి బూజు చూడుడు. బిందువుల లెక్కకంటె లెన్సు ఎంత తెఱచుకొనునో విచారింపుడు. పెండ్లి పనులకైనచో రెండు కార్డులు పట్టునది గాని, రెండు కెమెరాలు గాని యుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, వాడబోవు పిల్ల చేతికి వారము దినములిచ్చి, ఆమె పని చేయు చోట్లనే పరీక్షింపనిండు. బరువు మోయునది, పటము తీయునది, ఆ సంపాదనతో నిలువవలసినది ఆమె గదా! మా అమ్మాయి మాఘములో వచ్చిన రాబడిని ఒక పుస్తకమున వ్రాసికొన్నది. క్రొత్త కెమెరా ఆ పుస్తకములోని సొమ్ముతోనే కొందునని చెప్పుచున్నది. అంతవఱకు ఈ రెండును ఆమెకు చాలును.