మధ్య కుర్చీ ఎవరిది?

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకుతో పాటు ఓ పెద్ద అట్టపెట్టె కూడా హన్మకొండలోని ఆ ఇంట్లో దిగింది. హోమ్ థియేటర్! ఐదు చిన్న స్పీకర్లు, ఓ బరువైన సబ్‌వూఫర్. ఖాళీ కనబడ్డ చోటల్లా సర్దేశాడు. ఒకటి షోకేసు మీద, ఒకటి కిటికీలో, ఒకటి టీవీ కింద, రెండు సోఫా వెనక. సబ్‌వూఫర్‌ని మూలకు తోశాడు. సినిమా పెడితే అద్దాలు అదిరాయి గానీ మాట ఒక్కటీ తెలియలేదు.

"గిదేం సౌండురా, బాయిలకెళ్లి వచ్చినట్టున్నది" అన్నారు తండ్రి.

ఆయన ఫిజిక్స్ చెప్పి రిటైరైన సారు. మర్నాడు పొద్దున్నే సుద్దముక్క, పురికొస పట్టుకుని హాల్లో కూర్చున్నారు. "ముందుగాల స్పీకర్లకు కాదు, వినే మనిషికి జాగ చూడాలె" అంటూ నేల మీద గుర్తు పెట్టారు. అక్కడినుంచి కుడికి 30 డిగ్రీలు, ఎడమకు 30 డిగ్రీలు. మూడు బిందువులూ కలిపితే సమబాహు త్రిభుజం. వెనక స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు కూడా ఇదే. సబ్‌వూఫర్ మూలన ఉంటే రెండు గోడలూ దాని గుమగుమని పెంచేస్తాయి, అందుకే కాస్త ముందుకు జరిపించారు. చప్పట్లు కొట్టి చూస్తే హాలు ఖంగుమంది. బీరువాలోని కొత్తవాడ జంపఖానా తీసి నేల మీద పరిచాక ఆ ఖంగు చాలావరకు తగ్గింది.

"గిదంతా కనిపెట్టిందెవరు బాపూ?"

"బ్లమ్‌లైన్ అని ఇంగ్లండు ఇంజనీరు. భార్యతోని సినిమాకు పోయిండట. తెరమీద మనిషి ఒక దిక్కున్నడు, మాట ఇంకో దిక్కుకెళ్లి వస్తున్నది. గది సరిచేద్దామని పట్టుబట్టి 1931ల పేటెంటుకు పెట్టిండు."

స్పీకర్లు చెవి ఎత్తున ఉండాలి కదా, కొలత కోసం అమ్మను పిలిచారు. "మధ్యల కూసుంటే పొయ్యిమీది పాలెవరు చూస్తరు?" అంటూనే వచ్చి కూర్చుందామె.

"కండ్లు మూసుకో. సౌండు ఏ దిక్కుకెళ్లి వస్తే ఆ దిక్కు చెయ్యి చూపెట్టు."

కుడి స్పీకర్ మోగింది. కుడివైపు చూపింది. ఎడమది మోగింది. మళ్లీ కుడివైపే చూపింది. వైర్లు మార్చారు. అయినా కుడివైపే. కొడుకు నవ్వాడు. సారు మాత్రం నవ్వలేదు.

ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి రవ్వంత ముందు, రవ్వంత గట్టిగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. మెదడు దాన్నిబట్టే దిక్కు పట్టేస్తుంది. ఒక చెవి మందగిస్తే లోకమంతా రెండో చెవి వైపే ఉన్నట్టుంటుంది. ఈ పాఠం ఆయన ఎన్నో ఏళ్లు చెప్పారు. 1986లో తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా 'సింహాసనం' ఇద్దరూ కలిసే చూశారు. శబ్దం ఏ పక్కన వస్తే ఆ పక్కకు తల తిప్పిన మనిషి ఆమె!

పిలిస్తే పలకదని రెండేళ్లుగా విసుక్కున్నారు. టీవీ సౌండు పెంచుతుందని రోజూ గొడవే. ఆయన సోఫాలో కూర్చునేది ఆమెకు ఎడమపక్కనే మరి.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటరు? ముసలితనం అంటరు."

మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లారు. పరీక్ష చేసి, నరం బలహీనపడిందని, మిషను పెట్టుకుంటే మేలని చెప్పారాయన. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా రావాలని, ఆలస్యమైతే మందు పనిచేయకపోవచ్చని హెచ్చరించారు.

ఇంటికొచ్చాక త్రిభుజం మళ్లీ గీశారు. సినిమాలో మాటలు ఎక్కువగా నడిమి స్పీకర్‌లోనే వస్తాయి. దాన్ని నేరుగా ఆమె కుర్చీకేసి తిప్పి, కాస్త గట్టిగా పెట్టారు. వెనకవాటిని తగ్గించారు. పాలు పొంగకుండా చూసే పని కొడుకు తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆమె మధ్య కుర్చీలో కూర్చుంది. సారు తన కుర్చీ తెచ్చుకుని ఆమెకు కుడిపక్కన వేసుకున్నారు.