మూలప్రతి కాదు, నకలే



ముప్పైయేళ్ళకు పైగా సంధులు, సమాసాలు, ఛందస్సు బోధించి పదవీ విరమణ చేసినవాడు ఇంజన్ల గురించి రాయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. అయినా ఈ టపా రాయకుండా ఉండలేకపోతున్నాను.

కిందటి వేసవిలో మా వదినగారు ఇల్లు సర్దుతూ, ఒక పాత బిస్కట్ల డబ్బా నా చేతిలో పెట్టి, "మీ అన్నయ్య సామాను. ఇదేమిటో నీకే తెలియాలయ్యా" అన్నారు. మూత తీయకముందే నాకు తెలిసింది. లోపల గుడ్డలో చుట్టిన నిమ్మకాయంత ఇనుప వస్తువు. ఆటవిమానపు ఇంజను. నలభైయెనిమిదేళ్ళుగా నేను ఎవరికీ చెప్పని ఒక తప్పుకు అది సాక్షి.

1976లో అన్నయ్య డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఉండేవాడు. ఆ విభాగం క్యాడెట్లకు విమాన నమూనాలు తయారుచేయడం, ఎగరేయడం శిక్షణలో భాగం. బాల్సా కర్రతో చేసిన విమానానికి రెండు సన్నని తీగలు కట్టి, మధ్యలో నిలబడి పట్టుకుంటే, అది గిర్రున చుట్టూ తిరుగుతుంది. తీగలను ముందుకూ వెనక్కూ లాగితే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. దానికి కావలసిన ఇంజనును అన్నయ్య ట్యూషన్లు చెప్పిన డబ్బుతో తెప్పించుకున్నాడు.

నేను తొమ్మిదో తరగతి. అన్నయ్య ఊళ్ళో లేని రోజున దాన్ని తీసి, అతను చేసినట్టే ఇంధనం పోసి, పైనున్న మరను బిగించి, పంకాను బలంగా తిప్పాను. తిరగలేదు. మర ఇంకా బిగించి, పంకాను ఇంకా బలంగా తోశాను. లోపల ఏదో పుటుక్కుమంది. గుడ్డలో చుట్టి యథాస్థానంలో పెట్టేశాను. సంక్రాంతి సెలవులకు అన్నయ్య వచ్చి డబ్బా తెరవడం చూశాను. అతడు నన్నేమీ అడగలేదు. నేను చెప్పలేదు. తరువాత నాన్నగారికి జబ్బు చేసింది. అన్నయ్య వాయుసేన మాట ఎత్తకుండా బ్యాంకు గుమాస్తాగా చేరిపోయాడు. అతడి చేతుల్లోంచి ఆకాశాన్ని లాగేసినవాణ్ణి నేనేనని లోలోపల స్థిరపరచుకున్నాను. 2019లో అన్నయ్య పోయేవరకూ ఆ మాట మా మధ్యకు రానేలేదు.

ఇంజనుపైన పేరు లేదు, సంఖ్య లేదు. గద్యలేని తాళపత్రప్రతి దొరికినప్పుడు కవి ఎవరో, కాలమేదో అంతస్సాక్ష్యాలతో నిర్ణయించుకోవాలని మా గురువులు నేర్పారు. ఆ పద్ధతినే నమ్ముకున్నాను. ఇంజను తలమీద ప్లగ్గు అమర్చే రంధ్రం లేదు. దానికి బదులు టీ ఆకారపు మర ఉంది. కనుక ఇది మోడలర్లు డీజిల్ అని పిలిచే జాతి. దీనికి నిప్పురవ్వ అక్కరలేదు; ఒత్తిడికి వేడెక్కిన గాలిలో ఈథర్ దానంతటదే మండుతుంది. ఆ ఒత్తిడిని పెంచడానికీ తగ్గించడానికీ టీ మర సిలిండరులో పైనుండే మరో చిన్న పిస్టనును జరుపుతుంది. గాలి పీల్చే గొట్టం సిలిండరు వెనుక వైపు ఉంది. ఈ లక్షణాలన్నీ ఇంగ్లాండులో మిల్స్ సంస్థ చేసిన ఇంజన్లకు సరిపోయాయి. ఆ సంస్థ 1.3 సీసీ ఇంజను 1946లోనూ, 0.75 సీసీ ఇంజను 1948లోనూ వచ్చాయి. మన ఎన్‌సీసీ చట్టం కూడా 1948లోనిదే.

అయితే అన్నయ్య ఖర్చుల పుస్తకంలో ఒక పంక్తి కనిపించింది: "ఇంజను, కలకత్తా, మనియార్డరు." కలకత్తాలో అరోరా పేరుతో మిల్స్ నమూనాకు అనుకృతులు తయారయ్యేవి. అంటే మా ఇంట్లోది మూలప్రతి కాదు, నకలు. అందుకు నాకేమీ చిన్నతనం తోచలేదు. మన సాహిత్యం నకళ్ళవల్లనే కదా నిలిచింది! బ్రౌను దొర కడపలో పండితులను పెట్టుకుని ప్రతులు రాయించకపోతే మనకు ఎన్ని గ్రంథాలు మిగిలేవో ఊహించండి.

ఇక మరమ్మతు. ఇంజను ఒక్క వెంట్రుకవాసి కూడా కదలలేదు. మా వీధి చివర పొలం మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే కుర్రవాడు చూసి, "పట్టకారు పెట్టకండి మాస్టారూ. ఇది తుప్పు కాదు, ఆముదం" అన్నాడు. నిజమే. ఈ ఇంజన్ల ఇంధనం కిరసనాయిలు, ఆముదం, ఈథర్ ఇంచుమించు సమపాళ్ళలో కలిపినది. మొదటి ప్రపంచయుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లకూ ఆముదమే కందెన. ఎంత వేడికైనా ఓర్చే ఈ నూనె, కాలిన తరువాత ఏళ్ళ తరబడి నిలవుంటే లక్కలా గట్టిపడి లోహాన్ని పట్టేస్తుంది.

మూడు రోజులు స్పిరిట్‌లో నానబెట్టాము. ఆరబెట్టి, నిప్పుకు దూరంగా, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిచేశాము. నాలుగోసారి వేడిచేసినప్పుడు ఇరుసు కొద్దిగా కదిలింది. పిస్టనుకు రింగులు లేవు. సిలిండరుతో కలిపి నూరి సరిపెట్టిన జత అది. గరుకు కాగితం తగిలితే ఒత్తిడి నిలవదు. అందుచేత పాత పంచెగుడ్డతోనే తుడిచాను. సిలిండరు వ్యాసం ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, పిస్టను నడక పదమూడు. లెక్కకడితే 0.74 సీసీ వచ్చింది. నిర్ణయం సరిపోయింది.

అప్పుడు కుర్రవాడు పిస్టనును ఇరుసుకు కలిపే కడ్డీని వెలుతురుకు పెట్టి, "ఇది కంపెనీది కాదండీ. ఎవరో చేత్తో చేశారు" అన్నాడు. దానిమీద ఆకురాయి గీతలు స్పష్టంగా ఉన్నాయి. సిలిండరులోకి ఇంధనం ఎక్కువగా చేరినప్పుడు మర బిగించి బలవంతంగా తిప్పితే, ద్రవం అణగదు గనుక ఈ కడ్డీయే వంగుతుందట. నాడు నేను విన్న చప్పుడు అదే. వంగినదాన్ని అన్నయ్య తీసేసి, కొత్తది చేసి వేశాడన్నమాట.

వెనుక మూత కింద కాగితపు గాస్కెట్ ఉంది. ఉంగరంలా కత్తిరించిన నోటుపుస్తకపు కాగితం, నూనెకు గాజులా పారదర్శకమైంది. దానిమీద పెన్సిలు అక్షరాలు. భూతద్దం పెట్టి చూశాను: "...త్వ సంది". ధకారానికి ఒత్తు లేదు.

ఆ దస్తూరి నాది. తొమ్మిదో తరగతిలో ఒత్తు మరిచి మాస్టారి చేత తిట్లు తిన్నవాణ్ణి నేనే. తరువాత వేలమంది పిల్లల పుస్తకాల్లో అదే ఒత్తు ఎర్రసిరాతో దిద్దినవాణ్ణీ నేనే. అన్నయ్య ఆ కాగితాన్ని నా పుస్తకంలోంచే చింపుకున్నాడు. నేను చేసింది అతనికి తెలుసన్నమాట. తెలిసీ నా చెవి మెలిపెట్టలేదు. చేతికి అందిన కాగితమో, కావాలని ఎంచుకున్నదో ఇప్పుడు ఎవరినడగను?

మరొక సాక్ష్యం కూడా ఉంది. ఆ చేతికడ్డీ మీద గట్టిపడిన ఆముదం, పిస్టను తలమీద మసి. అంటే బాగుచేసిన తరువాత ఇంజను నడిచింది. ఆ సాయంత్రమే వదినగారికి ఫోను చేసి, అన్నయ్య ఎప్పుడైనా విమానం ఎగరేశాడా అని అడిగాను.

"ఆ గుండ్రంగా తిరిగేదా? పెళ్ళైన ఏడాది నన్ను బడి మైదానానికి తీసుకువెళ్ళి చూపించారు. చూస్తుంటే నాకే కళ్ళు తిరిగాయి. ఒకటే ఆముదం కంపు!" అని నవ్వారు.

చాలాసేపు ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఇంజనును ముక్కాలిపీటకు బిగించి, రసాయనశాస్త్రం బోధించే మిత్రుని పర్యవేక్షణలో ఆరుబయట ఇంధనం పోశాము. పంకాను వేలితో కాక కర్రతో తిప్పాము. పదిహేనోసారికి కాబోలు, అందుకుంది. అర నిమిషం నడిచింది. ఈథర్, కాలిన ఆముదం కలిసిన ఆ వాసన మా పాత ఇంటి వసారాది.

కొత్త గాస్కెట్ నేనే కత్తిరించి వేశాను. పాతది శబ్దరత్నాకరంలో దాచుకున్నాను. ఒత్తు మాత్రం దిద్దలేదు.