సగం ప్రశ్న

మా అక్క కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ భద్రతకు సంబంధించిన ఉద్యోగం చేస్తున్నాడు. బంధువుల్లో ఎవరి ఫోన్ మొరాయించినా ముందుగా మోగేది వాడి ఫోనే.

ఒక సాయంత్రం నేనూ వాడికి సందేశం పంపాను: "బేటా, నా ఫోన్ నెమ్మదిగా పనిచేస్తోంది. ఏం చేయాలి?"

"ఆపి మళ్లీ ఆన్ చేయండి ఖాలా. అక్కరలేని వీడియోలు తీసేయండి" అని జవాబు వచ్చింది. నేనడిగిన ప్రశ్నకు అది తగిన సమాధానమే.

నేను చెప్పని సంగతి వేరే ఉంది. ఆ మధ్యాహ్నం కేవైసీ చేయకపోతే ఖాతా నిలిచిపోతుందంటూ బ్యాంకు గుర్తుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. నొక్కాను. మెసేజ్‌లు చదివే అనుమతి అడిగితే ఇచ్చాను, కార్డు వివరాలు అడిగితే నింపాను. ఇటువంటివి నమ్మవద్దని వారం క్రితమే పొరుగింటి ఆమెకు హితవు చెప్పినదాన్ని! ఇక వాడితో ఎలా చెప్పను?

తెల్లవారేసరికి ఖాతాలో పద్దెనిమిది వేలు లేవు.

ఈసారి ఏడుస్తూ ఫోన్ చేశాను. వాడు నన్ను ఓదార్చలేదు, ప్రశ్నలడిగాడు. ఏ ఫోన్? ఫైలు పేరు చివర ఏముంది? ఎన్ని గంటలకు నొక్కారు? ఏయే అనుమతులిచ్చారు? ఏం నింపారు? చివర 'ఏపీకే' అని ఉందనగానే వాడికి విషయం అర్థమైంది. అది పత్రం కాదట, ఫోన్‌లో తిష్ఠ వేసే యాప్ అట. నాకు వచ్చే ఓటీపీలు దొంగకు చేరాయన్నమాట.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టించాడు. దేన్నీ తుడిచేయక ముందే ఆ సందేశాన్ని మా వారి ఫోన్‌తో ఫొటో తీయించాడు. అదే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి, 1930కి ఫోన్ చేశాం. అక్కడా ఇవే ప్రశ్నలు: ఎంత, ఎప్పుడు, ఏ ఖాతా, లావాదేవీ సంఖ్య ఏది? అప్పటికే కాగితం మీద రాసుకున్నందున తడుముకోలేదు. ఏడు వేలు నిలిపివేయగలిగారు. మిగిలినవి పోయాయి.

'నిన్ననే ఎందుకు చెప్పలేదు' అని వాడు ఒక్కసారీ అనలేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది.

మొన్న పొరుగింటి ఆమె ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఆపా, ఇందులో ఏదో వస్తోంది, చూస్తారా?"

"ఏదో అంటే?"

ఆమె తల వంచుకుంది. నేను స్టూలు జరిపి కూర్చోమని, ముందుగా నా పద్దెనిమిది వేల కథ మొదలుపెట్టాను.