నాయన కంజిర, నా ఎడమ చెయ్యి

నాట్లు అయిపోయినాయి, ధనుర్మాసం వచ్చింది. ఈ నెల రోజులూ మా ఊళ్లో తెల్లారి 4 గంటలకే రామాలయం కాడ భజన మొదలవుద్ది. పోయినేడు నేను పోలేదు. ఎందుకు పోలేదో ఎవరికీ చెప్పలా. ఇప్పుడు చెబుతున్నా.

ముందటేడు కోతలప్పుడు కొడవలి తగిలి ఎడమ బొటనవేలు నరం తెగింది. కుట్లు వేశారుగానీ వేలు సగమే వంగుద్ది. కయ్యలో మడవ కట్టొచ్చు, పార పట్టొచ్చు. కంజిర మాత్రం నిలవదు.

మా ఇంట్లో ఉండేది నాయన కంజిర. పనస చెక్క, 9 అంగుళాల వెడల్పు. నాయన చెయ్యి చేటంత ఉండేది, ఆయనకి సరిపోయింది. ఆ ఏడు ముక్కోటి నాడు పాట మధ్యలో అది నా చేతిలోంచి జారి గుడి మెట్ల మీద పడింది. పిల్లోళ్లు నవ్వారు. పెద్దోళ్లు ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ బాధేసింది. మర్నాటి నుంచి నడుం నొప్పని ఇంట్లోనే పడుకున్నా.

పెద్ద కంజిరైతే పెద్ద శబ్దం వస్తదని చాలామంది పెద్దదే కొంటారు. పట్టుకునే చెయ్యి ఊరికే ఉండదు గదా! ఎడమచేతి వేళ్లు అంచు కాడ తోలుని నొక్కాల, అప్పుడే శబ్దం గుంయ్‌మని సాగుద్ది. చెక్క మన చేతికి మించిందైతే వేళ్లన్నీ మొయ్యడానికే సరిపోతాయి, నొక్కేదానికి మిగలవు. పుదుక్కోట మామూండియా పిళ్లై గారు భజనల కంజిరని కచేరీకి ఎక్కించినాయన. ఆ కచేరీల్లో వాయించేవి కూడా 7 నుంచి 9 అంగుళాల లోపే ఉంటాయి. మంద్రం కావాలంటే లోపలివైపు తోలుకి నాలుగు నీళ్ల చుక్కలు పూస్తారు. మాకు సముద్రం గాలికి ఆ పని కూడా లేదు, తెల్లారేసరికి తోలు దానంతటదే చెమ్మ పట్టి బొదబొదమంటది. మేం మంట కాడ చూపించుకోవాల.

తోలు సంగతి ఒకటి. నాయనది ఒకప్పుడు ఉడుము తోలు, అది చినిగినాక మేకతోలు వేయించాం. ఇప్పుడు ఉడుము మాట ఎత్తబాకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

మొన్న నెల్లూరు పోయి ఒక అంగట్లో అడిగితే, ఆ అన్న "ఎంతసేపైనా వాయించుకో" అని స్టూలు వేశాడు. మీరూ అట్నే చెయ్యండి. ఒక దెబ్బ కొట్టి శబ్దం విని కొనొద్దు. పది నిమిషాలు పట్టుకోండి. మణికట్టు లాగుతుందా, భుజం పైకి లేస్తుందా చూడండి. లాగిందంటే ఇంకొంచెం చిన్నది అడగండి, సిగ్గేం లేదు. నేను 7.5 అంగుళాలది తీసుకున్నా. బొటనవేలితో పని లేకుండా అరచేతిలో కూర్చుంది.

నాయన దానంత లోతు లేదు శబ్దం, అబద్ధమెందుకు.

నిన్న భజనకి తీసకపోతే మద్దెల వాయించే మా బావ చూసి, "ఏంది బావా, పిల్లోళ్లది తెచ్చినావా?" అన్నాడు. రెండో పాటకి కావాలనే వేగం పెంచాడు. నేను తాళం జారనియ్యలా.

నాయనది గోడకి మేకుకే ఉంది. మా పెద్దోడి చేతులు అచ్చం వాళ్ల తాత చేతులే, వాడికేమో సెల్లు తప్ప ఇంకోటి పట్టదు. చూద్దాం. రేపు మళ్లా 4కి లేవాల, ఉంటా.