'చి' శబ్దమునకు ప్రాణము సరియగునా?

చీనా తత్త్వమునందలి 'చి' శబ్దమును 'ప్రాణశక్తి' యని తెనిగించుట పరిపాటియైనది. ఆ అనువాదము నాకు రుచింపదు.

చాట్రాయిలోని మా తోటలో మామిడికొమ్మ ఎండినట్లు తోచినపుడు మా నాయనగారు బెరడును గోటితో గీచి చూచెడివారు. లోపల పచ్చదనము కనబడినచో "ఇంకా ప్రాణముందిరా" అనెడివారు. చెట్టు క్రింది రాతిని మాత్రము ఎవరును గీచి చూడరు. మన వాడుకలో ప్రాణము ప్రాణికే చెందినది.

'చి' అట్లు కాదు. ఝాంగ్ త్సాయ్ (1020-1077) మతమున రాయియు 'చి'యే, గాలియు 'చి'యే. నీటిలో మంచుగడ్డవలె అది ఘనీభవించి వస్తువగును. కరగి మరల మహాశూన్యమున కలియును. చువాంగ్ జి గ్రంథమున జననమనగా 'చి' కూడుట, మరణమనగా విడిపోవుట. ప్రశ్నోపనిషత్తులో ప్రాణము లేవబోగా ఇంద్రియములన్నియు వెంట లేచినవి. 'చి' విడిచిపోవుటకు వేరుగా దేహమే లేదు, దేహమును అదియే.

ఛాందోగ్యములోని సంవర్గవిద్య వాయుప్రాణములను జతపరచినది గదా యని పండితులు ఆక్షేపింపవచ్చును. అచటను వెలుపల వాయువు, లోపల ప్రాణము అని రెండు పేర్లును నిలిచియే యున్నవి.

'చి' అక్షరపు సంప్రదాయరూపములో బియ్యపు గుర్తు, దానిపై ఆవిరి గుర్తు కలవు. 'ఆవిరి' యను మన మాట కొంత దగ్గరగా తోచును గాని, రాతికి అదియు చాలదు. కనుక తరగతిలో 'చి' యనియే వ్రాయించుచున్నాను.