మోచేయి ఇస్తే చాలు

మొదటి రోజు చూపు లేని మామను బస్సెక్కించబోయి నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కర్ర ఉన్న చేతినే గట్టిగా పట్టుకుని "రా మామా, రా" అంటూ గుంజాను. ఆయన రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాడు.

"సంతకు గొడ్డును తోలుకపోయినట్టు లాగుతావేంది పాపా? నీ మోచేయి ఇయ్యి. నేను పట్టుకుంటా."

పట్టుకుని, నాకు ఒక అడుగు వెనక నడిచాడు. గుంతొస్తే నేను పక్కకు జరగడం, మెట్టొస్తే నా చేయి పైకి లేవడం ఆయనకు ఆ పట్టులోంచే తెలిసిపోతున్నాయి. చూపు లేనివాళ్ళను ఇలాగే నడిపించాలని, దివ్యాంగులకు తోడుండే నా ఉద్యోగానికి ఇచ్చిన శిక్షణలో చెప్పారు. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఆ రోజే బ్యాంకులో ఇంకో తప్పు. కౌంటరులో ఉన్నాయన నా వైపే చూస్తూ "ఈయనది సంతకమా, వేలిముద్రా?" అన్నాడు. "వేలిముద్రే సార్" అనేశాను. మామ పదో తరగతి చదివాక చూపు పోయిన మనిషి. సంతకం శుభ్రంగా పెడతాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. తిరుగుదారిలో మాత్రం నా మోచేయి పట్టుకోలేదు.

వికలాంగుల కోసం తెచ్చిన 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే 2016 చట్టంలో 21 అయ్యాయి. సర్కారు కాగితాల్లో వికలాంగులు దివ్యాంగులయ్యారు. ఎక్కడ, ఎవరితో బతకాలో ఎంచుకునే హక్కు 2007లో మన దేశం ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 19వ అధికరణంగా ఉంది. ఊళ్ళలో మీటింగులు పెట్టి ఇవన్నీ చెప్పేదాన్ని నేనే. కౌంటరు ముందు ఆయన నోరు నొక్కిందీ నేనే.

మామకు ఊళ్ళో చిన్న అంగడి ఉంది. బీడీలు, బిస్కెట్లు, సబ్బులు. పాత నోట్లున్నప్పుడు ఎవరి సాయమూ లేకుండా నడిపాడు. వెడల్పు ఒకటే అయినా, వంద కంటే ఐదొందలది ఒక సెంటీమీటరు పొడుగు. వేళ్ళకు అది చాలు. 2016లో కొత్త ఐదొందలు, మరుసటి ఏడు రెండొందలు, ఆ పైన కొత్త వంద వచ్చాయి. వంద 142 మిల్లీమీటర్లు, రెండొందలు 146, ఐదొందలు 150. తేడా నాలుగేసి మిల్లీమీటర్లు! గల్లాపెట్టె దగ్గరికి మామ తమ్ముడి కొడుకు వచ్చి కూర్చున్నాడు.

రోజూ సాయంత్రం ఒక గంట నేనే వచ్చి లెక్క చూసిపెడతానన్నాను. గొప్ప సాయం చేస్తున్నాననుకున్నాను. "చేసిపెట్టేవాళ్ళకు నాకేం కొదవ? ఈ నోట్లతో ఎట్ల ఏగాల్నో చెప్పు" అన్నాడు.

నోటు రెండంచుల దగ్గరా ఉబ్బెత్తు గీతలుంటాయి. వందకు నాలుగు, ఐదొందలకు ఐదు, రెండొందలకు నాలుగు గీతల నడుమ రెండు సున్నలు. కొత్త నోటయితే వేలికి తగులుతాయి. చేతులు మారి మెత్తబడిన నోటుకు గీతలేముంటాయి! అందుకని అట్టముక్కకు మూడు పొడుగులకీ గాట్లు పెట్టి ఇచ్చాను. నాలుగు రోజులు వాడి పక్కన పడేశాడు. నోటును చూపుడువేలి మీద మడిచి, బొటనవేలితో కొస వెతికే పద్ధతి తనే కనిపెట్టుకున్నాడు.

నేర్చుకున్నన్నాళ్ళూ నాకే నరకం. ఒకసారి వంద ఇవ్వాల్సిన చోట రెండొందలది తీశాడు. "మామా, అది..." అన్నాను. "నువ్వు ఊరకుండు పాపా. పోతే నాదే కదా పోయేది." పోయింది కూడా. ఆ రోజంతా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న అతి కష్టమైన పని అదే.

2024లో మామకొచ్చే దివ్యాంగుల పింఛను నెలకు 6,000 అయింది. 500 నోట్లయితే పన్నెండు. ఒకటో తేదీన గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికి తెస్తే, గడపలో కూర్చుని పన్నెండూ తనే ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టుకున్నాడు. అంతకుముందు ఆ లెక్క తమ్ముడిది.

కొన్నాళ్ళకు కబురు పెట్టాడు. ఇంట్లోవాళ్ళు చేనికి పోయే వేళకు రమ్మన్నాడు. బియ్యం డబ్బా అడుగు నుంచి పాసుబుక్కు తీసి ఇచ్చాడు.

"చదువు. మెల్లిగా."

చదివాను. నేననుకున్నదాని కంటే చాలా ఎక్కువే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం ఎవరు చదివితే వాళ్ళకల్లా ఆయన గుట్టు తెలిసేది. ఈ అంకె మాత్రం మా ఇద్దరికే.

"ఎందుకు మామా దాస్తున్నావు?"

ఆయన పుస్తకాన్ని మళ్ళీ బియ్యం కిందకు తోసి మూత పెట్టాడు.

"నీ బస్సుకు టైమైనట్టుంది, చూసుకో పాపా."