బందరు లైను డీజిలింజన్లు ఏమయ్యాయి?

రైలింజన్ల గురించి ఆడవాళ్లు రాయడమేమిటి, వంటా వార్పూ అయిపోయాయా అని నవ్వుకోకండి. మనం పండక్కి పుట్టింటికి వెళ్లినా, పురిటికి వెళ్లినా, పిల్లల్ని హాస్టల్లో దింపి కళ్లు తుడుచుకుంటూ తిరిగొచ్చినా మనల్ని మోసింది ఆ ఇంజనే కదా! ముప్ఫై ఏళ్లు మన ఇంట్లో పనిచేసిన మనిషి కనబడకపోతే ఏమైందని అడుగుతాం. మరి ఇంజను ఏమైందని ఎందుకు అడగకూడదు?

మా కృత్తివెన్నుకి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో పెడన వెళ్లాలి, లేదంటే బందరు. అందుకే చిన్నప్పుడు మాకు రైలంటే పండగే. బొగ్గింజను కబుర్లు పెద్దవాళ్లవి, నాకు ఊహ తెలిశాక ఎరిగింది డీజిలింజనే. బందరు ఆ లైనుకి చివర. అక్కడ ఇంజను పెట్టెల్ని వదిలేసి, పక్క పట్టాల మీదుగా రెండో కొసకి వచ్చి మళ్లీ తగులుకునేది. అది తగలగానే పెట్టెలన్నీ ఉలిక్కిపడేవి. అమ్మ మరచెంబు గట్టిగా పట్టుకునేది. మా పెద్దన్నయ్య మాత్రం ప్లాట్‌ఫారం మీదే నిలబడి, రైలు కదిలేదాకా ఎక్కేవాడు కాదు.

ఆ పిచ్చితోనే ఐటిఐ చదివి రైల్వేలో డీజిల్ అసిస్టెంటుగా చేరాడు. సెలవుకి ఇంటికొస్తే ఇంజను కబుర్లే. వినగా వినగా నాకూ కొంత వంటబట్టింది. మీకూ చెబుతాను.

మనం ఎక్కువగా చూసిన ఆ ఇంజను పేరు డబ్ల్యూడిఎం-2. 'డబ్ల్యూ' అంటే బ్రాడ్‌గేజి, 'డి' అంటే డీజిలు, 'ఎం' అంటే పాసింజరుకైనా గూడ్సుకైనా పనికొచ్చేదని. దాని పుట్టిల్లు అమెరికా. ఆల్కో అనే కంపెనీ నుంచి 1962లో మొదటివి మన దేశానికి వచ్చాయి. తయారుచేసే విద్య కూడా నేర్పుతామని వాళ్లు ఒప్పుకోబట్టి, 1964 జనవరికల్లా వారణాసి కార్ఖానాలో మనవాళ్లే మొదటి ఇంజను బయటికి తెచ్చారు. పదహారు సిలిండర్లు, 2600 గుర్రాల బలం, సుమారు 113 టన్నుల బరువు! విచిత్రం ఏమిటంటే, 1969లో అమెరికాలో ఆ కంపెనీ ఇంజన్లు చేయడం మానేసింది. ఇక్కడ మాత్రం ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి తయారవుతూనే ఉన్నాయి, మొత్తం రెండువేలు దాటాయి. పుట్టింట్లో దీపం ఆరినా అత్తింట్లో వంశం నిలబెట్టిన కోడలన్నమాట.

డీజిలింజనంటే డీజిలే చక్రాల్ని తిప్పుతుందనుకునేదాన్ని. కాదట. పెళ్లిపందిట్లో జనరేటరు ఉంటుంది చూడండి, అలాంటిదే పెద్దది లోపల తిరుగుతుంది. దాంట్లో పుట్టిన కరెంటు చక్రాల దగ్గరున్న ఆరు మోటార్లకి వెళుతుంది. చక్రాల్ని తిప్పేవి ఆ మోటార్లు. బండి కదిలేటప్పుడు నల్లటి పొగ గుప్పుమని వచ్చేది గుర్తుందా? అది కూడా మన వంటింటి సంగతే. కిరసనాయిలు స్టవ్వుకి గాలి చాలకపోతే గిన్నె అడుగంతా మసి పట్టదూ? డ్రైవరు జోరు పెంచగానే డీజిలు ముందు వెళ్లిపోతుంది, గాలిని తోసే యంత్రం అందుకోవడానికి కాస్త టైము పడుతుంది. ఆ కాస్సేపు మసే. "అది ఊపిరి తీసుకుంటోందమ్మాయ్" అనేవాడు అన్నయ్య. ఉతికి ఆరేసిన బట్టల మీద ఆ ఊపిరి పడితే ఎలా ఉంటుందో పట్టాల పక్కన కాపురమున్న మా అత్తయ్యని అడగాలి!

1994లో మా అక్కయ్య పెళ్లయింది. బందరు స్టేషన్లో రాత్రి బండి ఎక్కించి అక్కయ్యని పంపుతుంటే వీడియో తీశారు. పెట్టె ఇంజను పక్కనే పడింది. క్యాసెట్టులో అమ్మ ఏడవడం కనబడుతుంది గానీ వినబడదు. అంతా డుగుడుగుమనే ఇంజను మోతే. చివర్లో నాన్నగారు కిటికీ దగ్గరకి వంగి "ఉత్తరం రాయి తల్లీ" అంటారు. ఆ మోతలోంచి ఆ మాటొక్కటే తేలుతుంది. నాన్నగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు మా ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఆ ఇంజను చప్పుడూ ఇప్పుడు మా లైనులో లేదు.

విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం, నరసాపురం, నిడదవోలు, ఇటు బందరు, అన్నీ కలిపి 221 కిలోమీటర్ల లైనుకి రెండో పట్టాలూ, కరెంటు తీగలూ వేశారు. 2022 నాటికి ఆ పని పూర్తయింది. మంచిదే. పొగ లేదు, మసి లేదు, విదేశాల నుంచి తెచ్చుకునే చమురు ఖర్చు తగ్గింది. అన్నయ్య కూడా మళ్లీ బడిపిల్లాడిలా ట్రైనింగుకి వెళ్లి కరెంటింజను నడిపి మరీ రిటైరయ్యాడు.

మరి పాతవన్నీ ఏమయ్యాయి? ఈ వివరాలు మా అబ్బాయి పోగుచేశాడు. వాడికీ మేనమామ పోలికే. ఇంజన్ల నంబర్లు రాసుకుని, ఫొటోలు తీసి, అలాంటి పిచ్చే ఉన్న స్నేహితులతో పంచుకుంటాడు. ఇంజను ఆయుష్షు 36 ఏళ్లని రైల్వే లెక్క. కొన్నింటిని మధ్యలోనే పంజాబులోని పటియాలా కార్ఖానాకి పంపి, బాగుచేసి, 3100 గుర్రాల బలమిచ్చి తిరిగి పనిలో పెట్టారు. మొదట అమెరికా నుంచి వచ్చినవాటిలో ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఆ వంశంలోనే తరవాత పుట్టినవాటిని మన దేశం బంగ్లాదేశ్‌కి ఇచ్చింది, 2020లో పది, 2023లో మరో ఇరవై. మీటరుగేజి డీజిలింజన్లయితే కొన్ని బర్మా వెళ్లాయి. మన తాతల కాలంలో మనుషులు పొట్ట చేతపట్టుకుని రంగూను వెళితే, ఆ తరవాత ఇంజన్లు వెళ్లాయన్నమాట! వారణాసి కార్ఖానావాళ్లు రెండు పాత గూడ్సు డీజిలింజన్లని జంట కరెంటింజనుగా మార్చేశారు. పాత పట్టుచీరతో పిల్లకి పరికిణీ కుట్టినట్టే.

ఎక్కువ వాటికి మాత్రం ఆ అదృష్టం లేదు. వేలంలో పాతినుముగా పోయాయి.

అన్నయ్య మొదటిసారి డ్యూటీ ఎక్కిన ఇంజను నంబరు ఆయన డైరీలో ఉంది. మావాడు దాన్ని వెతికి వెతికి చివరికి పట్టుకున్నాడు. అదీ ముక్కలైపోయిందట. భోజనాల దగ్గర నెమ్మదిగా చెప్పాడు. అన్నయ్య కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎన్నేళ్లు చేసిందిరా?" అన్నాడు. "నలభై దగ్గర, మావయ్యా." "ఆయుష్షు దాటే చేసిందన్నమాట" అని పెరుగు వేయించుకున్నాడు. ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.

నాకప్పుడు మా అమ్మమ్మ ఇత్తడి గుండిగ గుర్తొచ్చింది. మార్పిడికిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న రోజు ఆవిడా ఇలాగే ఊరుకుంది. అవసరం తీరాక వస్తువు వెళ్లిపోక తప్పదు. అన్నీ దాచుకోవడానికి మన ఇళ్లు చాలవు, రైల్వేవాళ్ల షెడ్లూ చాలవు. కానీ దానితో బతికిన మనిషిని కూచోబెట్టి నాలుగు మాటలు అడగడానికి చోటుతో పనిలేదు కదండీ.

మీ ఇంట్లోనూ మిల్లులోనో, లాంచీలోనో, బస్సు డిపోలోనో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ఉండే ఉంటారు. ఆ యంత్రం గురించి అడిగి చూడండి. పిల్లల చేత రాయించండి. బీరువాలో వీడియో క్యాసెట్లుంటే బూజు పట్టకముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. మాది ఎక్కించేటప్పుడు ఆ కుర్రాడు "ఇక్కడ ఇంజను మోత ఎక్కువుందండీ, తగ్గించమంటారా?" అని అడిగాడు. అన్నయ్యా నేనూ ఒక్కసారే "వద్దు" అన్నాం.